అంజన్ గడ్డికి ఏటా విత్తనం కొనక్కర్లేదు

సంపాదక మహాశయులకు,

హైబ్రిడ్ అంటే ఏటా విత్తనం కొనాల్సిందేనన్న మాట పశువుల మేత గడ్డి అయిన అంజన్‌కు పెద్దగా వర్తించదు. దీని గింజలోని పిండం సాధారణంగా ఫలదీకరణ లేకుండా తల్లి కణజాలం నుంచే పుడుతుంది. పుప్పొడి పని గింజలోని ఆహార భాగం వరకే. అందుకే పిల్ల అచ్చం తల్లే.

చిక్కూ అక్కడే. అలాంటి మొక్కను తల్లిగా పెట్టి ఎంత సంకరపరిచినా కొత్త కలయిక దాదాపు రాదు. అమెరికాలోని టెక్సాస్‌లో లైంగికంగా, అంటే ఫలదీకరణతో గింజ కట్టే అరుదైన మొక్క దొరికాకే దారి తెరుచుకుంది. దాన్ని తల్లిగా ఉంచి, కరవును తట్టుకునే అలైంగిక రకం (ఫలదీకరణ లేకుండా గింజ కట్టేది) పుప్పొడి వేయాలి. సంతానంలో రెండు తరహాలూ వస్తాయి. ఏది ఏదో తేల్చడానికి ఒక్కో మొక్క గింజలతో 20–30 మొక్కలు విడి సాలులో పెంచితే, అలైంగిక మొక్క సాలులోనివన్నీ ఒకేలా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో ఇంకా త్వరగా తేలుతుంది: అలైంగిక మొక్కల పిండకోశంలో (పువ్వులో పిండం తయారయ్యే సంచిలో) 8 కేంద్రకాలకు బదులు 4 ఉంటాయి. ఒకేలా ఉన్నంత మాత్రాన మంచి రకమని మురిసిపోకూడదు, చెడ్డ గుణమూ అంతే గట్టిగా నిలుస్తుంది!

రైతులు తాజా గింజ చల్లి మొలవలేదంటుంటారు. దానికి నిద్రావస్థ ఉంటుంది, కనీసం 6 నెలలు నిల్వ చేయాలి. ఎకరాకు 2 కిలోలు చాలు. నూగుతో ఉండే ఈ గింజ గాలికి ఎగురుతుంది కాబట్టి తడి మట్టిలో కలిపి, సెంటీమీటరు లోతు మించకుండా వేయాలి.

– పశుగ్రాస పరిశోధకులు, అనంతపురం