అవయవం పోయినవారి పరిహారంలో వృత్తిని కూడా లెక్కించాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

బస్సు ప్రమాదాల్లో చెయ్యో కాలో పోగొట్టుకున్నవారికి అందే పరిహారం విషయంలో, ముఖ్యంగా మన డెల్టా గ్రామాల్లో రెక్కల కష్టం మీద బతికేవారి విషయంలో, ఏళ్ల తరబడి కొనసాగుతున్న ఒక లోపాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల, అధికారుల దృష్టికి తీసుకురాదలచి ఈ లేఖ రాస్తున్నాను. నేను కోనసీమలో చాలాకాలం వకీలు గుమాస్తాగా పనిచేసి, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లే పిటిషన్లు, వైద్య పత్రాలు, సాక్షుల వాంగ్మూలాలు సర్దినవాణ్ని. చట్టం ఇవ్వమన్న దానికీ, బాధితుడి చేతికి చివరకు వచ్చేదానికీ తేడా ఎక్కడ పుడుతుందో ఆ కాగితాల్లోనే చూశాను.

అది వైకల్య శాతం దగ్గర పుడుతుంది. మెడికల్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్‌లోని శాతం శరీరానికి జరిగిన నష్టాన్ని చెబుతుందే గాని, సంపాదనకు జరిగిన నష్టాన్ని చెప్పదు. ఈ రెండూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో విస్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి తీసేసిన వ్యక్తికి శారీరక వైకల్యం 60 శాతం వరకు ఉండవచ్చుననీ, అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన శక్తి దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టేననీ, ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలిచే అవకాశం ఉంది గనుక నష్టం అంత ఉండదనీ ఆ తీర్పే ఉదాహరణ ఇచ్చింది. ప్రమాదానికి ముందు బాధితుడు ఏ పని చేసేవాడు, ఇప్పుడు ఏది చేయగలడు, ఏది చేయలేడు అన్నది విచారించి ట్రిబ్యునల్ నిర్ణయించాలి. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా, కింది స్థాయిలో సర్టిఫికెట్ మీది అంకెనే తీసుకుని లెక్క ముగించడం నేను పదే పదే చూశాను.

మా ప్రాంతపు కొబ్బరి వలుపు కార్మికుడు ఒకరి ఉదంతం చెబుతాను. కాలువ గట్టు మీది ఇరుకు రోడ్డులో, ఆయన కూర్చున్న బస్సును ఎదురుగా వచ్చిన లారీ రాసుకుంటూ పోవడంతో, కిటికీ పక్కనున్న కుడి చెయ్యి నలిగిపోయి మోచేతి కింద తీసేయవలసి వచ్చింది. వలుపు పని ఎలా ఉంటుందో కోనసీమ వారికి చెప్పనక్కరలేదు. నేలలో నిటారుగా పాతిన ఇనుప గునపం ముందు నిలబడి, కాయను రెండు చేతులా పట్టుకుని మొన మీదికి బలంగా దింపి, మణికట్ల బిగువుతో పక్కకు మెలితిప్పితే డొక్క విడుతుంది. వెయ్యి కాయలకు ఇంత అని కూలి గనుక, చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే అంత సంపాదన. ఒంటి చేత్తో ఆ పని జరగదు. అయినా ఆయన పిటిషన్‌లో వృత్తి అన్నచోట ‘కూలీ’ అని ఒక్క ముక్క రాశారు. ఏ పని కూలీ, ఆ పనికి రెండు చేతులూ కావాలా, వేరే పని వచ్చా అని బోనులో ఆయనను ఎవరూ అడగలేదు. సాక్ష్యంలో లేని సంగతి తీర్పులోకి ఎలా వస్తుంది? సర్టిఫికెట్‌లోని శాతమే ఆదాయ నష్టమైపోయింది.

దీనివల్ల ఎంత పోతుందో ఒక ఉదాహరణగా లెక్క వేసి చూడవచ్చు. వయసు 38, నెల సంపాదన 12,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 1,44,000. సొంతంగా పనిచేసుకునేవారికి 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. శాశ్వత వైకల్యం కేసుల్లోనూ దాన్ని కలపాలని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలా కలిపితే 2,01,600. ఆ వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో వయసును బట్టి చెప్పే అంకె, 15 గనుక మొత్తం 30,24,000 అవుతుంది. వైకల్యాన్ని 60 శాతంగానే తీసుకుంటే 18,14,400 వస్తుంది. వృత్తి పూర్తిగా పోయిందని రుజువైతే మొత్తం 30,24,000 రావాలి. ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల పన్నెండు లక్షలకు పైగా తేడా పడుతోంది. వైద్య ఖర్చులు, నొప్పికీ బాధకూ ఇచ్చేది, తోడుండే మనిషి ఖర్చు, ఇవన్నీ దీనికి అదనం.

ఆదాయం రుజువు చేయడం మరో ఇబ్బంది. జీతం చిట్టీ లేని మనిషి ఏం చూపించగలడు? కానీ దారులు లేకపోలేదు. అంబాజీపేట మార్కెట్‌కు కాయ పంపే వర్తకుడి దగ్గర ఎవరికి ఎన్ని వేల కాయల కూలి ఇచ్చాడో చిట్టా ఉంటుంది. తోటి కార్మికులు ఉంటారు. ఏమీ దొరకనప్పుడు ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనాలైనా ఆధారంగా చూపవచ్చు. వర్తకులు కోర్టు మెట్లు ఎక్కడానికి జంకుతారని నాకు తెలుసు. తమ దగ్గర చెమటోడ్చిన మనిషి కోసం ఒక పూట వచ్చి ఉన్నమాట చెప్పవలసిందిగా వారిని చేతులు జోడించి కోరుతున్నాను.

స్త్రీల విషయంలో అన్యాయం ఇంకా లోతైనది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీలు ఒక చేత్తో దారాన్ని బిగబట్టి, మరో చేత్తో సూది ఆడిస్తూ ఇంటి అరుగు మీదే సంపాదిస్తారు. ప్రమాదంలో చెయ్యి పోతే పిటిషన్‌లో ‘గృహిణి’ అని రాసేస్తారు, అల్లిక ఊసే ఉండదు. ఇంటిపనికి సైతం విలువ కట్టాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, లేసు అల్లే స్త్రీకి ఇంటిపని విలువనూ అల్లిక సంపాదననూ రెండింటినీ చూపాలి.

ప్రయాణికుడే చెయ్యి బయట పెట్టాడు గనుక తప్పు అతనిదేనన్న వాదన ఇటువంటి కేసుల్లో దాదాపు ప్రతిసారీ వస్తుంది. కిటికీ అంచున మోచెయ్యి ఆనించి కూర్చోవడం ప్రయాణికుల్లో సహజమేననీ, అది దృష్టిలో పెట్టుకుని ఎదుటి వాహనానికి తగినంత ఎడం ఇవ్వవలసిన బాధ్యత డ్రైవరుదేననీ మధ్యప్రదేశ్ హైకోర్టు సుష్మా మిత్రా కేసులో ఎప్పుడో తేల్చింది. బస్సులో ‘చేతులు బయట పెట్టరాదు’ అని రాసి ఉన్నంత మాత్రాన బాధితులు వెనక్కి తగ్గనవసరం లేదు.

కృత్రిమ అవయవం గురించి కూడా పిటిషన్లలో ఒక్కసారి కొనే ఖరీదు మాత్రమే అడుగుతున్నారు. అది కొన్నేళ్లకే అరిగిపోతుంది, మధ్యలో మరమ్మతులు వస్తాయి. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీపై మహమ్మద్ సబీర్ వేసిన కేసులో 2022లో సుప్రీంకోర్టు కృత్రిమ కాలి మార్పిడికీ మరమ్మతులకూ కలిపి పరిహారం ఇచ్చింది. తయారీదారు ఇచ్చే ధరల పత్రాన్ని పిటిషన్‌కు జతచేయడం మరవకూడదు.

గడువు సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలన్న నిబంధన తిరిగి వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు దాఖలైనా, గడువు లోపల వేయడమే క్షేమం. అవయవం పోయినవాడికి ఆ ఆరు నెలల్లో సగం ఆసుపత్రిలోనే గడిచిపోతుంది గనుక ఇంటివారు పూనుకోవాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితుడు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేయవచ్చు. బాధితుల హక్కులను తెలిపే పత్రాన్ని దర్యాప్తు అధికారి పది రోజుల లోపు ఇవ్వాలని 2022 నుంచి నిబంధన ఉంది. అది అందిందా అని అడగండి, అందకపోతే రాతపూర్వకంగా కోరండి.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు నా విన్నపం ఒకటే. వికలాంగులకూ స్త్రీలకూ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. ఆ సహాయంతో వేసే ప్రతి పిటిషన్‌లోనూ బాధితుడు చేసే పనిని, అందులో ఏ చెయ్యి ఏ కాలు ఏం చేస్తుందో వివరిస్తూ ఒక పేజీ ప్రమాణపత్రం తప్పనిసరిగా జతపరిచేలా తెలుగులో ఒక నమూనా తయారు చేయించాలి. సర్టిఫికెట్ ఇచ్చిన వైద్యులు సాక్ష్యానికి వచ్చినప్పుడు కోర్టులు వారిని గంటల తరబడి కూర్చోబెట్టకుండా నిర్ణీత వేళకు పిలవాలి. వారు రావడానికి వెనకాడడానికి ఈ నిరీక్షణే పెద్ద కారణం. ఇప్పటికే తక్కువ పరిహారంతో తీర్పు వచ్చినవారు 90 రోజుల లోపు హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. ఆ గడువు ఇంకా మిగిలి ఉన్నవారు తీర్పు నకలు తీసుకుని, వృత్తి గురించి అందులో ఏం రాశారో ముందుగా చూసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వకీలు గుమాస్తా,
కోనసీమ జిల్లా