గట్టింగ్ చేయించాక గ్యారెంటీ లేదంటే ఎలా?

ఎడిటర్ గారికి,

మా ఊళ్లో ఏ స్పోర్ట్స్ షాపు బిల్లు చూసినా అడుగున ఒక లైను కనిపిస్తుంది: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు." కొన్ని షాపుల్లో అది బిల్లు మీద కాకుండా క్యాష్ కౌంటర్ వెనక గోడకి, దేవుడి పటం పక్కనే అంటించి ఉంటుంది. చాలామంది అదేదో ప్రభుత్వం పెట్టిన రూలనుకుని, పాడైన వస్తువుని మళ్లీ కవర్లో పెట్టుకుని ఇంటికి వచ్చేస్తారు. అది షాపాయన ప్రింటింగ్ ప్రెస్సులో వేయించుకున్న లైను, అంతకుమించి ఏమీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 2(47) సెక్షన్ ఉంది. లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపల, అసలు గడువే రాయకపోతే 30 రోజుల్లోపల, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని అది అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోనే ఉంది. "బిల్లు కావాలంటే జీఎస్టీ ఎక్స్‌ట్రా అండీ" అనే మాట వినని తల్లిదండ్రులు ఉంటే చెప్పండి.

ఇదంతా ఎందుకు తిరగేయాల్సి వచ్చిందో చెప్తాను. మా అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది, జిల్లా సెలక్షన్ల ముందు కాస్త మంచి రాకెట్ కావాలంది. ఆ రేంజిలో రాకెట్లు మామూలుగా గట్టు (అంటే మధ్యలో అల్లే తీగ) లేకుండానే వస్తాయి, ఫ్రేము ఒకటి కొని గట్టింగ్, అంటే ఆ తీగ లాగి బిగించడం, వేరే చేయించుకోవాలి. కొన్న షాపులోనే, వాళ్ల మిషన్ మీదే, వాళ్ల కుర్రాడి చేతే చేయించాం. ఫ్రేము మీద గట్టు బిగుతు 28 పౌండ్ల దాకా అని కంపెనీ వాళ్లే అచ్చేశారు, మేం పెట్టించింది 24. ఆ వారంలోనే ప్రాక్టీసులో గ్రోమెట్ (గట్టు దూర్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం) రంధ్రం దగ్గర ఫ్రేము చీలింది. డబుల్స్‌లో పార్ట్‌నర్ రాకెట్‌కి తగిలితే పెయింటు లేచిపోతుంది, నొక్కు పడుతుంది, ఆ గుర్తు ఆడేవాళ్లెవరైనా చూడగానే పట్టేస్తారు. దీని మీద చిన్న గీత కూడా లేదు, లోపలి నుంచి చీలింది.

షాపుకి తీసుకెళ్తే ఓనరు గారు రాకెట్‌ని చేత్తో పట్టుకోకుండానే, "గట్టింగ్ అయ్యాక గ్యారెంటీ ఉండదు సార్, ఇది అన్ని షాపుల్లోనూ ఉన్నదే" అన్నారు. గట్టింగ్ లేకుండా ఆ రాకెట్‌తో ఏం చేయాలట, గోడకి తగిలించుకోవాలా? ట్యూబు వేసి గాలి కొట్టగానే సైకిల్‌కి గ్యారెంటీ పోయింది అన్నట్టుంది. అసలు మొదలే కాని గ్యారెంటీని గ్యారెంటీ అని ఎలా అంటారు?

ఇక్కడే నేను గట్టిగా అడిగింది ఒకటుంది, ఇలాంటి గొడవలో పడ్డ మిగతా తల్లిదండ్రులకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఫ్రేములో లోపం ఉంటే అది వస్తువు లోపం, దాన్ని అమ్మింది షాపు. ఫ్రేము బాగానే ఉండి గట్టు లాగేటప్పుడు తప్పు జరిగి ఉంటే అది సర్వీసు లోపం, ఆ సర్వీసుకి డబ్బు తీసుకుందీ అదే షాపు. రెండిట్లో ఏదైనా జవాబు చెప్పాల్సింది వాళ్లే కదా. ఓనరు గారికి ఇది నచ్చలేదు. "కంపెనీతో మాట్లాడుకోండి" అన్నారు. కంపెనీ ఎక్కడో ఉంది, నా డబ్బు తీసుకుంది ఈ కౌంటర్లో, బిల్లు మీదున్నది ఈ షాపు పేరు. కావాలంటే ఆయన కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు, నన్ను మధ్యలో నిలబెట్టడం దేనికి? కేసు వేస్తే షాపుని, కంపెనీని ఇద్దర్నీ చేర్చవచ్చు. ఇంకో విచిత్రమైన వాదన కూడా విన్నాను, కొన్నది మీరు, విరగ్గొట్టింది మీ అమ్మాయి అని. కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా చట్టం ప్రకారం వినియోగదారులే.

షాపుల వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆదివారం మ్యాచ్ ఆడేసి సోమవారం బ్యాట్ తెచ్చి "బ్యాలెన్స్ నచ్చలేదు" అనే కుర్రాళ్లు ఉన్నారు. కొత్త ఇంగ్లిష్ విల్లో క్రికెట్ బ్యాట్‌ని మ్యాలెట్‌తో నాకింగ్ చేయకుండా, అంటే చెక్క సుత్తితో మెల్లగా కొట్టి గట్టిపరచకుండా, నేరుగా లెదర్ బాల్‌కి దించి, అంచు చీలగానే షాపు మీద పడేవాళ్లూ ఉన్నారు. రంగు నచ్చలేదనో, కోచ్ వేరే మోడల్ చెప్పాడనో వెనక్కి ఇస్తామంటే షాపు తీసుకోవాలని ఈ చట్టం ఎక్కడా చెప్పలేదు, తీసుకుంటే అది వాళ్ల మంచితనం. నేను మాట్లాడేది లోపం ఉన్న సరుకు గురించి. అలా మోసం చేసే నలుగురి మీద కోపాన్ని మిగతా అందరి మీదా చూపిస్తే ఒప్పుకునేది లేదు.

కొట్టు మీద కొట్టు తిరిగే ఓపిక లేనివాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు షాపుకి ఆర్డరు వేయలేరు, కేసుకి వెళ్లకముందే రాజీ కుదర్చడం వాళ్ల పని. నా విషయంలో ఆ ఫోన్ తర్వాత ఓనరు గారు కొంచెం దిగొచ్చి, సగం డబ్బుకి క్రెడిట్ నోట్ ఇస్తానన్నారు, అదీ ఆయన షాపులోనే వాడుకోవాలట. వద్దన్నాను. కేసు దాకా వెళ్తే వినియోగదారుల కమిషన్ వాళ్లు షాపుని లోపం సరిచేయమనొచ్చు, కొత్తది ఇమ్మనొచ్చు, డబ్బు వాపసు ఇమ్మనొచ్చు, పైన నష్టపరిహారం కూడా వేయొచ్చు. అలాంటప్పుడు మళ్లీ అదే షాపుకి కస్టమరుగా వెళ్లే శిక్ష నాకెందుకు?

ఇప్పుడు స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపాను, జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. "అంత చిన్న మొత్తానికి కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు" అని మా బావమరిదితో సహా అందరూ అన్నారు. పాత 1986 చట్టం నాటి మాట అది. ఇప్పుడు వస్తువు ఎక్కడ కొన్నా మనం ఉండే ఊరి కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో కొని గుంటూరులో వేయొచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరు కావడానికి అనుమతి అడగొచ్చు. గడువు రెండేళ్లు. ఒక్కటే చికాకు, లోపాన్ని ల్యాబ్‌లో తేల్చాల్సిన అవసరం వస్తే ఆ ఖర్చు ముందు మనల్నే కట్టమనొచ్చు, టైమూ పెరుగుతుంది. పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావాల్సింది ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అందుకే వస్తువు పాడైన రోజే, ఎవరూ ముట్టుకోకముందే, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. విరిగిన రాకెట్‌కి గట్టు కోసేయకండి, కోసేశాక ఎంత టెన్షన్‌లో (బిగుతులో) ఉందో ఎవరూ చెప్పలేరు. బిల్లు ఇవ్వకపోతే యూపీఐ స్క్రీన్‌షాట్, షాపుతో వాట్సాప్‌లో మాట్లాడిన మెసేజీలు దాచుకోండి. ఏదైనా నోటితో చెప్తే దాన్నే మళ్లీ మెసేజ్‌గా పెట్టండి.

ఈ షాపుల వాళ్లే ఆన్‌లైన్ కంపెనీల వల్ల గిరాకీ పోయిందని బాధపడుతుంటారు. అక్కడ 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్నా, నకిలీదైనా, చూపించిన దానికి తేడా ఉన్నా అమ్మకందారు వెనక్కి తీసుకోనంటే కుదరదు, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. నాకైతే ఊళ్లో షాపే ఇష్టం, రాకెట్ చేతిలో పట్టుకుని బరువు చూసుకోవచ్చు, కుర్రాడితో నాలుగు మాటలు మాట్లాడొచ్చు. కానీ తేడా వచ్చినప్పుడు మొహం చాటేసే షాపుని ఎవరు ఎంతకాలం ఇష్టపడతారు?

చివరిగా కలెక్టరు గారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. వినియోగదారులందరికీ సంబంధించిన ఇలాంటి వ్యాపార పద్ధతుల మీద ఫిర్యాదు వస్తే విచారించే అధికారం అదే చట్టంలోని 16వ సెక్షన్ మీకు ఇచ్చింది. నా దగ్గరున్న బిల్లు, మా అకాడమీలో తల్లిదండ్రుల దగ్గర సేకరించిన వేరే షాపుల బిల్లులు, వాటి మీదున్న "వాపసు తీసుకోబడదు" లైనుకి గుర్తు పెట్టి, వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తున్నాం. ఎండాకాలం క్యాంపులు మొదలై పిల్లలందరూ షాపుల మీద పడకముందే ఒకసారి తనిఖీ చేయించండి.

— ఒక బ్యాడ్మింటన్ అమ్మాయి తండ్రి, గుంటూరు