కొత్త కంప్యూటర్, ఆ 48 అంకెలు

పెరంబూరు, చెన్నై

చిన్నా,

కొత్త కంప్యూటర్‌లో విండోస్ హోమ్ వేయించాలా, ప్రో వేయించాలా అని నిన్న నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడు వంటలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. మీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ షాపతను "హోమ్ పిల్లలకి సార్, పని చేసుకునేవాళ్లు ప్రోనే తీసుకుంటారు" అన్నాడన్నావు. ఆ మాట మీద డబ్బు పెట్టకు. ఇన్నేళ్లుగా ఇంట్లో కూర్చుని నాలుగు షాపుల లెక్కలు చూస్తున్నాను, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. అంతా విండోస్ హోమ్ మీదే.

లోపల ఉండే విండోస్ 11 రెండింట్లోనూ ఒకటే. ప్రో కొన్నంత మాత్రాన వేగం పెరగదు. అందులో అదనంగా ఇచ్చేవి ఎక్కువగా ఆఫీసులకి పనికొచ్చేవి. కంపెనీ నెట్‌వర్క్‌లో కలిపే పని మీకు లేదు, కోడలికి ఆఫీసు లాప్‌టాప్ వేరే ఉంది కదా. నువ్వు వేయించేది 16 జీబీ ర్యామ్, హోమ్ 128 జీబీ దాకా తీసుకుంటుంది. బుజ్జిగాడు ఎంతసేపు కూర్చోవాలో హద్దు పెట్టే ఫ్యామిలీ సేఫ్టీ కూడా హోమ్‌లో ఉంటుంది.

ఒక్క విషయం ఆలోచించుకో. బయటినుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇంటి కంప్యూటర్‌లోకి రావాలంటే, ఇంట్లో ఉన్నదానిలో ప్రో ఉండాలి. నీకు నిజంగా ఆ పని పడుతుందంటే తీసుకో, నేను కాదనను. నా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ మొరాయించినప్పుడు నువ్వు అక్కడినుంచి చూసి సరిచేస్తావే, ఆ క్విక్ అసిస్ట్‌కి హోమ్ చాలు. పైగా ఎప్పుడు కావాలన్నా డబ్బు కట్టి హోమ్‌ని ప్రోగా మార్చుకోవచ్చు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రో నుంచి హోమ్‌కి దిగాలంటేనే మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

ఐదారు వందలకి ప్రో లైసెన్స్ కీ ఇస్తామనేవాళ్ల జోలికి వెళ్లకు. కంపెనీలకి గంపగుత్తగా ఇచ్చిన కీలు అలా బయటికొస్తాయి, ఏదో ఒకరోజు పనిచేయడం మానేయొచ్చు. లైసెన్స్ వివరం బిల్లులో రాయించుకో. విండోస్ 10 ఉన్న పాత స్టాక్ అంటగడితే వద్దను, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. నా పాత లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది, గుర్తుందా? బాగుచేయించి తెచ్చి ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. అలాంటిది ఒకటుందనే నాకు తెలియదు. కొన్నప్పుడు షాపు కుర్రాడు ఏదో మెయిల్ ఐడీతో సెటప్ చేసిచ్చాడు. డిస్క్‌కి తాళం దానంతటదే పడింది, తాళంచెవి ఆ మెయిల్ అకౌంట్‌లోకి పోయింది. ఆ ఐడీ ఏదో షాపులో ఎవరికీ గుర్తులేదు. లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి గట్టెక్కాయి. అమ్మమ్మ ఆఖరి సంక్రాంతి ఫొటోలు, అరిసెల పాకం ఎప్పుడు దించాలో తను చెబుతూ ఉంటే తీసిన వీడియో, అన్నీ పోయాయి. ఫోన్ నిండిపోయిందని వాటిని లాప్‌టాప్‌లోకి మార్చి ఫోన్‌లోంచి తీసేసింది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

హోమ్ అయినా ప్రో అయినా ఈ తాళం ఉంటుంది నాన్నా. ఉండటం మంచిదే, దొంగ ఎత్తుకుపోయినా లోపలివి వాడికి కనపడవు. కానీ సెటప్ నీ ఎదురుగా, నీ అకౌంట్‌తోనే జరగాలి. ఇంటికి తెచ్చిన రోజే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడు, ఈ తాళం పేరు అదే. అది ఆన్‌లో ఉంటే నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెల కీ దొరకబుచ్చుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. ఎక్కడ పెట్టావో కోడలికి కూడా చెప్పు.

శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి నేనూ నాన్నగారూ మీ దగ్గరికి బయలుదేరుతున్నాం. అప్పట్లో పెద్దమ్మకి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పదకొండు ఆవిడ ఫోన్‌లో దొరికాయి. ఒకదానిలో అమ్మమ్మ నీ పాత స్వెట్టర్ వేసుకుని ముగ్గు పెడుతోంది. వాటిని పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నాను, కొత్త కంప్యూటర్‌లోకి ముందు అవే ఎక్కించు.

అమ్మ