ఇంగ్లండ్‌లో ఆ ఫీజు కట్టకండి

సంపాదకులకు,

మా అమ్మాయి లెస్టర్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దెకుంటోంది. నిరుడు ఏడాది అగ్రిమెంట్ ముగిసే నెలలో ఏజెంట్ మెయిల్ పెట్టాడు: కొనసాగితే రెన్యువల్ ఫీజు 120 పౌండ్లు, ఖాళీ చేస్తే చెకౌట్ ఫీజు 90. పిల్ల టెన్షన్ పడి ‘నాన్నా, ఓ 14 వేలు పంపగలవా’ అని ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో బ్రోకర్‌కి నెల అద్దె సమర్పించుకున్నవాణ్ణి కదా, నేనూ పంపబోయాను.

అక్కడే ఉంటున్న మా పక్కింటివాళ్ల అబ్బాయి ఆపాడు. ఇంగ్లండ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం ఈ రెండు ఫీజులూ అద్దెకున్నవాళ్ల దగ్గర తీసుకోకూడదట, గడువు తీరినా కొత్త సంతకం పెట్టనక్కర్లేదు, ఇంట్లోనే ఉండి అద్దె కడుతుంటే పాత షరతులతోనే నెలనెలా సాగిపోతుంది. డిపాజిట్ కూడా మామూలు ఇళ్లకు 5 వారాల అద్దె మించకూడదు, 30 రోజుల్లోగా ప్రభుత్వ గుర్తింపున్న స్కీములో పెట్టాలి. ఇదే నాలుగు ముక్కల్లో రాసి పంపితే ‘పొరపాటున వెళ్లింది’ అని జవాబు. ముగ్గురమ్మాయిలకీ విడివిడిగా ఒకే పొరపాటు!

2026 మే 1 నుంచి అక్కడి ప్రైవేటు అద్దెల్లో ఈ గడువు అగ్రిమెంట్లే రద్దు. ఇక ఏ పేరుతో బిల్లు పంపుతారో చూడాలి.

— ఒక తండ్రి, గుంటూరు