గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా: మన కాలువ ప్రయాణాల వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన పడవ ప్రయాణాల బృందం ఏడాది నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. మిడ్‌ల్యాండ్స్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలం సెలవుల్లో నారోబోట్ (కాలువలకు సరిపోయేలా సన్నగా, పొడవుగా ఉండే పడవ) అద్దెకు తీసుకుని ఇంగ్లండ్ కాలువల మీద తిరుగుతున్న సంగతి మీకు తెలిసిందే. ఈ ఏడాది మూడు ప్రయాణాలు చేశాం. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. ఉగాది పచ్చడి, కార్తీక వనభోజనాలు బాగా జరిగాయి. వంట బాధ్యత తీసుకున్నవారందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

నివేదికలో ఎక్కువ భాగాన్ని ఒకే విషయానికి కేటాయిస్తున్నాను. రాత్రిపూట పడవ ఎక్కడ కట్టాలి, ఎంతసేపు ఉంచొచ్చు అన్నదే ఆ విషయం. ఏడాదంతా మనల్ని ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. కొత్తగా చేరిన కుటుంబాలు ఫోన్ చేసి ఎక్కువగా అడిగిందీ అదే.

స్ట్రాట్‌ఫర్డ్ కాలువ

మొదటి ప్రయాణం కింగ్స్‌వుడ్ జంక్షన్ నుంచి దక్షిణంగా స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ దాకా సాగింది. ఈసారి ఇద్దరు పెద్దవాళ్లు మనతో వచ్చారు. ఒకరు మన సభ్యురాలి అత్తగారు. ఇంకొకరు కొడుకును చూడటానికి కోనసీమ నుంచి వచ్చిన పెద్దాయన. మొదటి లాకు (నీటి మట్టం పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే తలుపుల గది) దగ్గర తలుపులు ఎలా తెరవాలో పిల్లలు ఆయనకు చెప్పబోతే, "లాకులు మాకు కొత్తేంట్రా! మా ఊళ్లో లాకుల దగ్గరే కదా బస్సు దిగేది" అన్నారు. నిజమే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టతో పాటు గోదావరి డెల్టాలో తవ్వించిన కాలువలు పంట నీటికే కాదు, పడవలకు కూడా. అందుకే లాకు అన్న మాటను మనవాళ్లు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. ఆ రోజంతా హ్యాండిల్ పట్టుకుని తూములు ఎత్తే పని ఆయనదే.

ఈ కాలువ మీద వంతెనలు కొన్ని సరిగ్గా నడిమధ్యన చీలి ఉంటాయి. పడవలను గుర్రాలు లాగిన కాలంలో, గుర్రాన్ని విప్పకుండా తాడును ఆ సందులోంచి జార్చేవారు. లాకు కాపలాదారుల పాత ఇళ్లకు పీపాను నిలువునా కోసి బోర్లించినట్టు గుండ్రటి పైకప్పులు. ఎడ్‌స్టోన్ దగ్గర కాలువ మొత్తం ఒక ఇనుప తొట్టిలో గాలిలోకి వెళ్తుంది, 475 అడుగుల పొడవున. అక్కడ నడిచే దారి తొట్టి అడుగు మట్టంలో ఉంటుంది. గట్టు మీద నడుస్తున్న మన పిల్లల తలలు పడవ పక్కన, నీటి మట్టానికి దగ్గరగా కదులుతుంటే అత్తగారు కంగారుపడి చుక్కాని పట్టుకున్న అబ్బాయిని ఆపేయమన్నారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు ఈ దక్షిణపు భాగం దాదాపు మూతపడిన కాలువ. వాలంటీర్లు పూడిక తీసి, లాకులు బాగుచేసి 1964లో మళ్లీ తెరిపించారు. మనం అద్దె కట్టి హాయిగా వెళ్తున్న నీళ్ల వెనక ఎవరి చెమట ఉందో పిల్లలకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

విల్మ్‌కోట్ దగ్గర 11 లాకులు దిగి, సాయంత్రానికి రాయల్ షేక్‌స్పియర్ థియేటర్ ఎదురుగా ఉన్న బ్యాంక్రాఫ్ట్ బేసిన్‌లో పడవ కట్టాం. అక్కడినుంచి ఇంకొక్క లాకు దాటితే ఏవన్ నది. "పదండి, నదిలో ఒక రౌండ్ కొట్టి వద్దాం" అన్నారు మన కుర్రాళ్లు. నేను ఒప్పుకోలేదు, అప్పుడు అందరికీ కోపం వచ్చింది. కారణం ఇదీ: కాలువ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్‌ది. నది ఏవన్ నావిగేషన్ ట్రస్ట్‌ది. లైసెన్స్ వేరు, రేవుల నిబంధనలు వేరు. మధ్యలో ఉన్నది ఒక్క లాకు, కానీ దాటితే ఇంకో రాజ్యంలోకి వెళ్లినట్టే.

హాటన్ మెట్ల మీద

రెండోది వారాంతపు చిన్న ప్రయాణం. వార్విక్ దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువ మీద హాటన్ లాకులు ఎక్కాం. రెండు మైళ్లలో 21 లాకులు. అవి వెడల్పైనవి, ఏడడుగుల లోపే ఉండే నారోబోట్లు రెండు పక్కపక్కనే పడతాయి. అందుకని పడవే ఇల్లుగా బతుకుతున్న ఒక జంటతో కలిసి ఎక్కాం. నీళ్లూ ఆదా, శ్రమా సగం. మధ్యాహ్నం మన పులిహోర వాళ్లు తిన్నారు, వాళ్ల టీ మనం తాగాం. మూరింగ్ (పడవ కట్టుకునే) నిబంధనల గురించి నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే, వాళ్ల నోట.

వాళ్లకు సొంత రేవు లేదు. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం అలాంటి పడవ నిజంగా ప్రయాణిస్తూనే ఉండాలి, ఒకేచోట ఏకధాటిగా 14 రోజులకు మించి ఉండకూడదు. ఇంజన్ చెడిపోయినా, మనిషికి జబ్బు చేసినా సబబైనంత ఎక్కువ సమయం అడగొచ్చు. 2012లో కాలువల బాధ్యత కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చేతికి వచ్చాక కూడా ఆ చట్టం అలాగే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలు ట్రస్ట్ కింద ఉంటే, వాటి మీద ఉన్న పడవలు దాదాపు 35,000. బొగ్గు, సరుకు మోసిన పాత రోజుల్లో కూడా ఇన్ని లేవంటారు. దుకాణం, నీటి కుళాయి, బస్సు దగ్గరగా ఉన్న చోట్లు మాత్రం కొన్నే. మనలాంటి సెలవుల పడవలకు, ఏడాది పొడవునా కాలువ మీదే ఉండేవాళ్లకు ఆ కొన్ని చోట్లే సరిపెట్టాలి. విజిటర్ మూరింగ్, అంటే కొద్ది సమయమే కట్టుకోవాల్సిన చోటు, పుట్టింది అందుకే. "మీరు రెండు రాత్రులు ఉండి వెళ్లిపోతే మాకేం ఇబ్బంది లేదు, కానీ కుళాయి దగ్గర కట్టేసి పబ్‌కి వెళ్తేనే కష్టం" అందా ఇల్లాలు. గత ఏడాది మనం అదే చేశామని నాకు గుర్తొచ్చి సిగ్గేసింది.

మూడో ప్రయాణంలో జరిగింది

ఆక్స్‌ఫర్డ్ కాలువ మీదికి బయలుదేరాం. ఎక్కడ జరిగిందో పేరు రాయడం లేదు, ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక ఊరి చివర సాయంత్రం ఏడింటికి చేరాం. గట్టు మీద వరుసగా ఇనుప రింగులు. ఒక చివర 48 గంటలు అని బోర్డు, కింద బాణం. మనకు సరిపోయిందనుకుని బాణం చూపించిన వైపే కట్టాం. పొయ్యి మీద అన్నం పెట్టాక ఎవరో కిటికీ మీద మెల్లగా తట్టారు. పక్క పడవ ఆవిడ. "ఇది పర్మిట్ ఉన్నవాళ్ల చోటు, రాత్రికి ఆ పడవ వస్తుంది" అని మర్యాదగానే చెప్పింది. దిగి చూస్తే పొద వెనకాల ఇంకో బోర్డు ఉంది. అది నీళ్ల వైపు కాకుండా నడిచేవాళ్ల వైపు తిరిగి ఉంది. మొదటి బోర్డు బాణం చెల్లేది నాలుగు రింగుల వరకేనట. మనది అయిదోది.

అద్దె పడవను చీకటి పడ్డాక నడపకూడదని ఒప్పందంలో ఉంటుంది. వెలుతురు ఇంకో అరగంట ఉందేమో. స్టవ్ ఆపి, అన్నం మూత పెట్టి, గబగబా ముందుకు వెళ్లి, రింగులు లేని మెత్తటి గట్టు మీద మేకులు దిగ్గొట్టి కట్టేశాం. ఆ హడావుడిలో మేకును ఏటవాలుగా కాకుండా నిలువుగా కొట్టాం, అదీ మూడొంతులే దిగింది. రాత్రంతా వాన. తెల్లారి ఆరున్నరకు ఒక పడవ కాస్త జోరుగా పక్కనుంచి వెళ్లింది. ముందు మేకు తడి మట్టిలోంచి మెత్తగా, చప్పుడు లేకుండా ఊడొచ్చింది. ముందుగా గమనించింది కోనసీమ పెద్దాయన. కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, "గట్టు దూరమవుతోందేంటి" అన్నారు. అప్పటికే ముక్కు తిరిగి పడవ కాలువకు అడ్డంగా పడుతోంది. వెనక తాడు పట్టుకుని ఉండబట్టి సరిపోయింది. ఇద్దరు గట్టు మీదికి దూకి నడుం తాడుతో లాగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇద్దరు చిన్నపిల్లలు అప్పుడు ముందు గదిలో నిద్రపోతున్నారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

తర్వాత పెద్దాయన స్వయంగా మేకు కొట్టి చూపించారు. మేకు తల నీళ్లకు దూరంగా వాలాలి, తాడు పడవ ముందుకు కొంత, వెనక్కి కొంత పోయేలా ఏటవాలుగా ఉండాలి, మరీ బిగించకూడదు. తాడును రింగులోంచి తిప్పి కొసను మళ్లీ పడవ మీదికే తెచ్చుకుంటే, బయలుదేరేటప్పుడు దిగక్కర్లేకుండా విప్పుకోవచ్చు. మన ఊళ్లలోలాగా చెట్టుకు కట్టడం మాత్రం ఇక్కడ పనికిరాదు. తాడు నడకదారికి అడ్డం పడితే సైకిళ్లవాళ్లు పడిపోతారు.

బోర్డు చదవడం

కొత్త సభ్యుల కోసం రాస్తున్నాను. బోర్డు ఏమీ లేని చోట, నడకదారి ఉన్న గట్టున, సాధారణంగా 14 రోజుల వరకు కట్టుకోవచ్చు. అవతలి గట్టు చాలాచోట్ల ప్రైవేటు వాళ్లది, అటు వెళ్లొద్దు. లాకుకు ముందూ వెనకా ఉండే దిగుడు చోటు లాకు దాటేవాళ్లకే. నీటి కుళాయి దగ్గర, పడవలు తిప్పుకునే వెడల్పు చోట, వంతెన కింద, మలుపులో కట్టకూడదు. బోర్డు ఉంటే 24 గంటలు, 48 గంటలు, 7 రోజులు ఇలా ఏదో ఒకటి ఉంటుంది. శనివారం సాయంత్రం అయిదింటికి 48 గంటల చోట కడితే సోమవారం అయిదు దాకా మనదే. మనవాళ్లు కొందరు దాన్ని ఆదివారం రాత్రితో అయిపోయిందనుకుని అనవసరంగా తెల్లారకముందే లేచారు.

అసలు చిక్కు బోర్డులో కింద ఉండే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అదే చోటుకు వేసవిలో ఒక గడువు, చలికాలంలో ఇంకో గడువు ఉండొచ్చు. కొన్నిచోట్ల ఒకసారి వెళ్లాక ఇన్ని రోజుల దాకా తిరిగి రాకూడదని ఉంటుంది. గడువు దాటితే రోజుకు 25 పౌండ్లు అని రాసిన బోర్డులు కూడా చూశాం. లివర్‌పూల్ డాక్‌లలాంటి చోట్లకు ముందే బుక్ చేసుకోకుండా వెళ్లడానికే లేదు. పోతే, ఆక్స్‌ఫర్డ్‌లో కాలువ వదిలి థేమ్స్‌లోకి దిగితే అక్కడ పెత్తనం ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది, గట్టు కొన్నిచోట్ల రైతుది, కొన్నిచోట్ల పబ్‌ది. కాలువ మీది అలవాటుతో నది గట్టున కట్టేసి, పొద్దున్నే డబ్బు అడిగితే వాదించడం సరికాదు. చోటు దొరకనప్పుడు, ఒప్పుకుంటే, వేరే పడవ పక్కన ఆనించి కట్టొచ్చు. లండన్‌లో అది రోజూ జరిగేదే. ముందు తలుపు తట్టి అడగాలి, వాళ్ల పడవ మీదుగా దాటేటప్పుడు ముందు వైపు నుంచే, నెమ్మదిగా దాటాలి. ఎక్కడ కట్టినా రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజన్ ఆపేయాలి. అంటే ఫోన్లు ఎనిమిదిలోపే చార్జ్ చేసుకోవాలి.

కమిటీ చేసిన పని

ఆ అయిదో రింగు విషయమై సంబంధిత నిర్వాహకులకు ఫొటోలతో ఉత్తరం రాశాం. ఫిర్యాదుగా కాదు, విన్నపంగానే. బోర్డులు నీళ్ల వైపు తిరిగి ఉండాలని, నడిచే వేగంతో వెళ్లే పడవలోంచి చదవగలిగేంత అక్షరాలు కావాలని, ఒకే వరుసలో రెండు నిబంధనలు ఉంటే ఏది ఎక్కడితో అయిపోతుందో రింగు మీదే రంగు గుర్తు పెట్టాలని అడిగాం. చూస్తామని జవాబు వచ్చింది. వచ్చే ప్రయాణంలో స్వయంగా వెళ్లి చూసి మీకు చెప్తాం. ఆ సాయంత్రం మనల్ని హెచ్చరించిన ఆవిడకు కూడా కృతజ్ఞతలు చెబుతూ ఒక కార్డు, గోంగూర పచ్చడి సీసా పంపాం. ఆవిడ చెప్పకపోయి ఉంటే అర్ధరాత్రి ఇంకో పడవ వచ్చి తలుపు కొట్టేది.

ఈ సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నవి ఇవి. ఇకనుంచి ప్రతి ప్రయాణంలో రోజుకొకరు రేవు బాధ్యత తీసుకోవాలి. పొద్దున్నే ఆ రాత్రికి ఒక చోటు, అది నిండిపోతే ఇంకో చోటు అనుకుని ఉండాలి. సాయంత్రం నాలుగింటికల్లా కట్టేయాలి. కట్టాక ఒకరు దిగి, వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, అన్ని బోర్డులూ రెండువైపులా చదివి రావాలి. అప్పుడే పొయ్యి వెలిగించాలి. బోర్డుల మీద తరచుగా కనిపించే మాటలకు తెలుగు అర్థాలతో ఒక పేజీ తయారైంది, కాపీలు బల్ల మీద ఉన్నాయి. బరువైన సుత్తి ఒకటి, పొడవైన మేకులు నాలుగు కొనడానికి అనుమతి కావాలి. అద్దె పడవలో ఇచ్చేవి వానాకాలపు గట్టుకు చాలడం లేదు.

కోనసీమ పెద్దాయన వచ్చే వేసవికి మళ్లీ వస్తామన్నారు. మొదటి రోజు రేవు బాధ్యతకు ఆయన పేరు రాసుకున్నాను. మిగతా రోజులకు పేర్లు ఇచ్చేవారు సమావేశం అయ్యేలోపు నాకు చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి