టాటా ఉక్కు వంశవృక్షంలో లేని పేర్లు

సంపాదకులు గారికి,

అయ్యా,

విశాఖ ఉక్కు కర్మాగారం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ప్రైవేటు రంగం సమర్థతకు సాక్ష్యంగా టాటా ఉక్కు సంస్థను చూపడం మన పత్రికల్లో పరిపాటి అయింది. సాక్ష్యం గట్టిదే, ఆ సంస్థ ఘనతను తగ్గించి చెప్పాలన్న ఉద్దేశం నాకు లేదు. అయితే జంషెడ్‌జీ కలగన్నారు, కొడుకు దొరాబ్‌జీ దాన్ని నిజం చేశారు అని రెండు ముక్కల్లో ఆ కథను ముగించడం వల్ల, దానిని నిలబెట్టిన మిగతావారంతా కనుమరుగవుతున్నారు. ఒక కుటుంబం తన రెక్కల కష్టంతో మాత్రమే ఉక్కు పరిశ్రమ కట్టిందన్న అభిప్రాయం పాఠకులలో స్థిరపడుతోంది.

నేటి మహారాష్ట్రలోని చాందా జిల్లా ఇనుప ఖనిజం గురించి ఒక జర్మన్ నిపుణుడు రాసిన నివేదిక 1882లో జంషెడ్‌జీ కంటబడింది. నాటి గనుల నిబంధనలు కఠినంగా ఉండటంతో ఆయన ఆలోచన ముందుకు సాగలేదు. 1899లో వైస్రాయి కర్జన్ ప్రభుత్వం వాటిని సడలించాకే దారి ఏర్పడింది. ఆయన అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్ ఉక్కు నిపుణులను సంప్రదించారు, చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజినీరును ఒప్పించారు. కానీ 1904 మే నెలలో జర్మనీలో కన్నుమూశారు. కంపెనీ రిజిస్టరయింది 1907 ఆగస్టు 26న. అంటే వ్యవస్థాపకుడిగా మనం పేరు తలచుకునే వ్యక్తి పోయిన మూడేళ్లకు గాని సంస్థ కాగితం మీదకైనా రాలేదు.

ఖనిజం దొరికిన తీరు మరీ ఆసక్తికరం. చాందాలో ఆశ వదులుకున్న దొరాబ్‌జీ నాగపూర్‌లో అధికారిని కలవడానికి వెళ్లి, ఆయన కోసం ఎదురుచూస్తూ దగ్గరలో ఉన్న మ్యూజియంలోకి అడుగుపెట్టారు. అక్కడి భూగర్భ పటంలో (నేటి ఛత్తీస్‌గఢ్‌లోని) దుర్గ్ జిల్లా ప్రాంతం ఇనుప నిల్వలకు గుర్తుగా ముదురు రంగుతో కనిపించింది. ఆ సర్వే చేసింది భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్. అక్కడి ఢల్లీ–రాజహరా కొండల్లో ఖనిజం మేలురకమే అయినా దగ్గరలో తగిన బొగ్గూ నీళ్లూ లేక టాటాలు దానిని విడిచిపెట్టారు. (తర్వాతి కాలంలో ప్రభుత్వ రంగ భిలాయ్ కర్మాగారానికి ఆధారమైనది ఆ కొండలే.) ఈలోగా బోస్, భారత భూగర్భ సర్వే శాఖలో తనకంటే జూనియర్ అయిన ఆంగ్లేయుడికి డైరెక్టర్ పదవి ఇవ్వడంతో ఉద్యోగం వదిలి, నేటి ఒడిశాలోని మయూర్‌భంజ్ సంస్థానంలో చేరారు. అక్కడి గోరుమహిసాని కొండల్లో గొప్ప నిల్వలున్నాయని 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీకి ఉత్తరం రాసింది ఆయనే. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చీ పల్లె (నేటి జంషెడ్‌పూర్) దగ్గర కర్మాగారం వెలిసిందంటే ఆ ఉత్తరమే మూలం. టాటాల వంశవృక్షం కంఠతా చెప్పగల మన వ్యాసకర్తలలో ఎందరికి ఈ బోస్ పేరు తెలుసు?

పెట్టుబడి సంగతీ అంతే. మొదట లండన్ మార్కెట్‌లో ప్రయత్నించి విఫలమైన తరువాతే టాటాలు స్వదేశీ ఉద్యమ వేడిలో ఉన్న ఇక్కడి జనాన్ని ఆశ్రయించారు. బొంబాయి కార్యాలయం ముందు పొద్దుటి నుంచి రాత్రి దాకా జనం కిక్కిరిసిపోయారు. సుమారు ఎనిమిది వేల మంది మూడు వారాల్లో వాటాలన్నీ కొనేశారు. నడిపే ఖర్చుకు మరింత సొమ్ము కావలసివస్తే గ్వాలియర్ మహారాజా నాలుగు లక్షల పౌన్ల విలువైన డిబెంచర్లు (రుణపత్రాలు) తీసుకున్నారు. ఏటా ఇరవై వేల టన్నుల చొప్పున పదేళ్లపాటు రైలు పట్టాలు కొంటామని ప్రభుత్వం ముందుగానే హామీ ఇచ్చింది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తయారయ్యేటప్పటికే దాని నుంచి రాబోయే సరుకుకు కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నారన్నమాట!

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత విదేశీ ఉక్కు చవకగా వచ్చి పడటంతో సంస్థ కుప్పకూలే దశకు చేరింది. 1924లో జీతాలకు డబ్బు లేని పరిస్థితిలో దొరాబ్‌జీ తన ఆస్తినీ, భార్య మెహెర్‌బాయి నగలనూ, కోహినూరు కంటే పెద్దదైన ఆమె జూబిలీ వజ్రంతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. ఈ ఘట్టాన్ని ఎవరూ మరిచిపోరు, మరవనక్కరలేదు కూడా. ఆ త్యాగం నిజమైనదే. కానీ అదే 1924లో టారిఫ్ బోర్డు సిఫారసు మీద కేంద్ర శాసనసభ ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం చేసి, దిగుమతి సుంకాలు పెంచి, రైలు పట్టాలకు బౌంటీ (ప్రోత్సాహక సొమ్ము) కూడా ఇచ్చింది. వజ్రం కొన్నాళ్లు ఊపిరి నిలిపింది, చట్టం ప్రాణం పోసింది. మొదటిదాన్నే రాసి రెండోదాన్ని వదిలేస్తే అది చరిత్ర అనిపించుకోదు.

ఇక కార్మికులు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1920లో ప్రావిడెంట్ ఫండ్ అమలు చేసిన యాజమాన్యం అది. చట్టం వీటిని నిర్బంధం చేసింది దశాబ్దాల తరువాత. అయితే 1920, 1922, 1928లలో పెద్ద సమ్మెలు జరిగినదీ అక్కడే. చివరిదానిలో రాజీ కుదర్చడానికి సుభాష్ చంద్రబోస్ వచ్చి, ఏళ్ల తరబడి కార్మిక సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. కాబట్టి అక్కడి హక్కులన్నింటినీ దయాదాక్షిణ్యాల ఖాతాలో వేయడం సరికాదు. కర్మాగారం కింద పొలాలు పోగొట్టుకున్న సంతాల్, హో, భూమిజ్ ఆదివాసులకు ఆ కథలో ఒక్క వాక్యం చోటైనా దక్కడం అరుదు. బెంగాల్ నాగపూర్ రైలు మార్గంలో మా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వెళ్లి ఆ కొలుముల దగ్గర చెమటోడ్చిన కుటుంబాలెన్నో. జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారు అక్కడ వేళ్లూనుకున్నారనడానికి గుర్తు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. టాటాలకు ఆరంభం నుంచీ సొంత ఇనుప గనులున్నాయి, బొగ్గు గనులున్నాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాల మీద, వేలాది రైతుల భూముల మీద నిలిచిన విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గని లేదు. ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనుక్కుని, గని ఉన్నవాడితో పోటీ పడవలసిన స్థితి దానిది. విశాఖలో యాజమాన్య లోపాలు లేవని నేను అనను. ఇక్కడి ఉద్యోగులందరికీ అవి తెలిసినవే. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి లాభనష్టాలు ప్రచురించేటప్పుడు, టన్ను ఉక్కుకు ఖనిజం మీద ఏ సంస్థకు ఎంత ఖర్చవుతున్నదో చూపే ఒక గడిని కూడా ఆ పట్టికలో చేర్చవలసిందిగా మీ వాణిజ్య విభాగాన్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం