నడుస్తున్న కారు ఒక్కసారిగా డెడ్ అయితే బ్యాటరీ కొనేముందు ఇది చదవండి

నమస్తే అండి, విజయవాడ ఆటోనగర్‌లో మా షాపుకి వచ్చే కస్టమర్లందరికీ ఒక మార్పు చెప్పాలి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి "ఉన్నట్టుండి కరెంటు మొత్తం పోయింది, మళ్లీ దానంతటదే వచ్చింది" అని తెచ్చే కార్లకి చెకింగ్ చార్జీ 500 తీసుకుంటాం. ఇన్నాళ్లు ఫ్రీగా చూశావు కదా ఇప్పుడేంటి అని ఆల్రెడీ ఇద్దరు ముగ్గురు అడిగారు, మొహమాటం లేకుండా చెప్పేస్తా. ఫ్రీగా చూసేవాడికి డబ్బులు బ్యాటరీ అమ్మితేనే వస్తాయి. నేనూ అమ్ముతా, అందులో మార్జిన్ ఉంది, లేదని అబద్ధం చెప్పను. ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కి, బాడీకి వెళ్లే లావు వైరు) ఎక్కడ లూజో వెతికి పట్టుకోవాలంటే పూట గడిచిపోద్ది, చేతికొచ్చేది టీ ఖర్చులు, అదే బ్యాటరీ మార్చేస్తే పావుగంటలో పని అయిపోద్ది, కొత్తది కళ్లకి కనబడుతుంది కాబట్టి కస్టమరు కూడా హ్యాపీ. అందుకే ఏ షాపుకెళ్లినా ముందు వినబడే మాట "బ్యాటరీ పోయిందండి" అనే.

కానీ ఒక్కసారిగా అన్నీ ఆరిపోయి కాసేపటికి మళ్లీ వెలిగాయంటే అది చాలావరకు బ్యాటరీ కాదు. బ్యాటరీ చాలాసార్లు చచ్చేముందు చెప్పే చస్తుంది, పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరగడం, హారన్ గొంతు మారడం, ఇలా. పోయి తిరిగి వచ్చేది జాయింటు. బ్యాటరీ పోస్టుకి వైరు బిగించే టెర్మినల్ క్లాంపో, ఎర్త్ వైరో, మెయిన్ ఫ్యూజ్ దగ్గర బోల్టో.

మొన్న తాడిగడప నుంచి ఒక మాస్టారు డీజిల్ బండి తెచ్చారు. రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్లో ఇంజన్ ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే మీటర్ బోర్డుతో సహా అన్నీ ఆఫ్ అంట, వెనక ఆర్టీసీ బస్సు వాడు ఒకటే హారన్, కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిందంట. వేరే చోట చూపిస్తే కొత్త బ్యాటరీ వేశారు, వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. మేం మీటర్ పెడితే 12.6 చూపించింది, అంటే ఫుల్ చార్జి. మా కుర్రాడు బ్యాటరీ సూపర్ ఉంది సార్ అన్నాడు, నిజమే, బ్యాటరీ సూపరే.

అప్పుడు చేసేది ఓల్టేజ్ డ్రాప్ టెస్టు. మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టాలి, క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెయింటు లేని చోట. ఒకళ్లు సెల్ఫ్ కొడుతుంటే ఇంకోళ్లు రీడింగ్ చూడాలి. మంచి ఎర్త్ అయితే 0.2 వోల్టు, మహా అయితే 0.5 లోపు ఉండాలి. ఈ బండికి 6 దాటింది! అంటే బ్యాటరీ ఇచ్చేదాంట్లో సగం ఆ మూరెడు వైరులోనే పోతోంది. కేబుల్ పైకి చూస్తే కొత్తదానిలా ఉంది, చివర బోల్టు బిగించే రింగు (లగ్గు) దగ్గర తొడుగు బ్లేడుతో చీరితే లోపల రాగి పోగులన్నీ పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలాయి, బతికున్నవి నాలుగైదు పోగులు. మాస్టారు ఆ ముక్క పిల్లలకి చూపిస్తానని పేపర్లో చుట్టుకుని పట్టుకెళ్లారు.

మరి వైరు ఇంత పాడైనా ముందే ఎందుకు తెలియలేదంటే, 12.6 అనేది బ్యాటరీ లెక్క, వైరుది కాదు, పైగా లోడు లేనప్పుడు ఎంత చిలుము పట్టిన వైరైనా 12 చూపిస్తుంది. లోపలి లైటుకి అర ఆంపు కూడా అక్కర్లేదు, స్టార్టర్ మోటారుకి 150, 200 ఆంపులు కావాలి, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. వారధి మీద ఒక పక్క రెండడుగులు దారి వదిలితే బైకులు దూరిపోతాయి, లారీ వచ్చిందంటే అక్కడే ఆగిపోద్ది, ఇదీ అంతే. అందుకే లైట్లు వెలుగుతున్నాయి కదా వైరింగ్ బాగానే ఉంది అనుకోకండి.

ఈ చిలుము కేసులు మన బెజవాడలో ఎక్కువగా కనబడటానికి ఇంకో కారణం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో మీకు తెలుసు. సీట్లు పీకి ఎండబెట్టారు, ఇంజన్ ఆయిల్ మార్చారు, బండి స్టార్ట్ అయింది, అయిపోయింది అనుకున్నారు. కానీ వైరు తొడుగు లోపలికి పాకిన తడి నెమ్మదిగా రాగిని తింటూనే ఉంటుంది, కనెక్టర్లలో పిన్నులు కూడా అంతే. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ కింద బాడీకి ఎర్త్ బిగించిన బోల్టులు చూడండి, బురద గీత దొరికిపోద్ది.

ఫోన్ చేసేటప్పుడు "బండి ఆగిపోయింది" అని ఊరుకోకుండా, ఆగినప్పుడు లైట్లు ఉన్నాయా పోయాయా అది చెప్పండి. లైట్లు, హారన్ బాగుండి ఇంజన్ ఒక్కటే ఆగితే అది పెట్రోలో డీజిలో అందకపోవడమో, సెన్సరో, తాళం ఇమ్మొబిలైజరో (దొంగతనం జరక్కుండా ఇంజన్ ఆపేసే లాకు), వేరే లెక్క. ముందు బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి, లైట్లు మెల్లగా డల్ అయి, తర్వాత ఆగితే డైనమో, అంటే ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్. ఇంజన్ రన్నింగ్‌లో బ్యాటరీ మీద మామూలుగా 13.8 నుంచి 14.4 దాకా రావాలి, 12 చుట్టూనే ఉండి తగ్గుతూ పోతే చార్జింగ్ లేనట్టే. కొత్త మోడళ్లలో కంప్యూటర్ కావాలనే చార్జింగ్ తగ్గిస్తుంది, అందుకని లైట్లు, ఏసీ వేసి ఇంకోసారి చూస్తాం.

డైనమో చెక్ చేయడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేవాళ్లు ఇంకా ఉన్నారండి! పాత అంబాసిడర్ రోజుల అలవాటు. ఇప్పటి బండ్లలో ఆ దెబ్బకి ఓల్టేజ్ ఎగిరి ఇంజన్ కంప్యూటర్ (ఈసీఎం) పోవచ్చు, దాని రేటుకి మూడు నాలుగు బ్యాటరీలు వస్తాయి. ఎవరైనా స్పానర్ పట్టుకుని ఆ పని చేయబోతే వద్దనండి, ఫీలైతే ఫీలవనీ.

రోడ్డు మీద నడుస్తుండగా పోతే కంగారులో తాళం తీసెయ్యకండి, స్టీరింగ్ లాకైపోద్ది. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో గట్టిగా తిప్పితే తిరుగుతుంది. బ్రేక్ తేలిగ్గా పడేలా చేసే బూస్టరులో రెండు మూడు తొక్కుళ్లకి సరిపడా వాక్యూమే మిగులుతుంది కాబట్టి ఊరికే తొక్కి వదలకుండా ఒకే తొక్కుడు మీద ఎడమకి తీసి ఆపండి. హజార్డ్ లైట్లు కూడా వెలగకపోవచ్చు, ట్రయాంగిల్ బోర్డు డిక్కీలో సామాను కింద కాకుండా చేతికందేలా పెట్టుకోండి. హైవే మీద అయితే 1033కి కొట్టండి.

ఇంట్లో పెట్టిన బండి రెండు మూడు రోజులకి డెడ్ అవుతుంటే అది కరెంటు లీకేజీ, అంటే బండి ఆపినా ఏదో ఒకటి బ్యాటరీని లాగుతూనే ఉండటం. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, బయట వేయించిన మ్యూజిక్ సిస్టం, వీటిలోనే దొరుకుతుంది ఎక్కువ. ఆపిన బండి 50 మిల్లీ ఆంపుల లోపు తీసుకుంటే ఓకే, అర ఆంపు లాగితే 35 ఆంప్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. ఈ టెస్టుకి మాత్రం బండి వదిలి వెళ్లాలి, తాళం తీశాక లోపల కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికే కొన్ని బండ్లలో గంట దాకా పడుతుంది, మధ్యలో ఎవరైనా డోరు తీస్తే మళ్లీ మొదటికి. "ఇక్కడే నిలబడతా, చూసి చెప్పు అన్నా" అంటే కుదరదు.

ఇక 500 సంగతి. వైరింగ్ పని మా దగ్గరే చేయిస్తే ఆ 500 లేబర్‌లో తీసేస్తాం. బ్యాటరీ కొంటే మాత్రం తీసెయ్యం. తీసేస్తే అందరి చేతా బ్యాటరీయే కొనిపించాలని నాకే బుద్ధి పుడుతుంది, అందుకే. ఫాల్టు దొరక్కపోతే రూపాయి తీసుకోం, రీడింగులు పేపరు మీద రాసిస్తాం, మీరు ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. టెర్మినల్ బిగించి గ్రీజు రాయడం ఎప్పటిలా ఫ్రీ. లీకేజీ చెకింగ్ బండ్లు పొద్దున పదిలోపు తెచ్చివ్వండి, తాళాలు రెండూ తీసుకురండి, ఆదివారం షాపు ఉండదు.